కొట్టడం తర్వాత, ముందు బంతిని అందుకోనివ్వండి

మీ అబ్బాయినో అమ్మాయినో ఫుట్‌బాల్ క్యాంపులో చేర్పించారా? అయితే ఈ ఆదివారం ఒక పని చేయండి. ఫోన్ జేబులో పెట్టేసి గ్రౌండ్ పక్కన కూర్చోండి. పది నిమిషాల్లో మీ పిల్లల కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఇరవై మందిని వరసగా నిలబెట్టి, వంతు వచ్చినప్పుడు గోల్‌లోకి ఒక్క తన్ను తన్నించి మళ్ళీ వరస చివరికి పంపే క్యాంపయితే మీ లెక్క మూడో నాలుగో దాటదు. మిగతా సమయమంతా పిల్లలు ఎండలో క్యూలో ఉన్నట్టే. మా ఓపీ చీటీల దగ్గర నిలబడటానికీ దీనికీ ఫీజు ఒక్కటే తేడా.

నేను కోచ్‌ని కాను, జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఆటల పేజీలో రావాల్సిన మాట ఇక్కడ ఎందుకంటే, పిల్లలు ఆట మానేస్తే చివరికి వచ్చేది నా దగ్గరికే. ముప్పై అయిదేళ్ళకే షుగరు, బీపీ తెచ్చుకున్న వాళ్ళను 'చిన్నప్పుడు ఏమైనా ఆడేవారా' అని అడుగుతుంటాను. 'నాకు ఆటలు రావండీ' అనే జవాబు చాలాసార్లు వింటాను. 'ఇష్టం లేదు' అనేవాళ్ళు తక్కువ. అయిదు నుంచి పదిహేడేళ్ళ లోపు వాళ్ళకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తనకు ఆట రాదని తొమ్మిదేళ్ళకే తీర్మానించుకున్న పిల్లాడు ఆ గంట ఎక్కడ ఆడతాడు?

ఫుట్‌బాల్‌లో 'నాకు రాదు' అన్న భావన చాలావరకు ఒక్కచోటే పుడుతుంది. తన దగ్గరికొచ్చిన బంతి కాలికి తగిలి దూరంగా ఎగిరిపోతుంది, పక్కవాళ్ళు నవ్వుతారు. దాంతో ఆ పిల్లాడికి పాస్ ఇవ్వడం మానేస్తారు. ఎంత గట్టిగా తన్నగలడన్నది తర్వాతి మాట. బంతి కాళ్ళ దగ్గర నిలిస్తే కదా తన్నడం!

ఇల్లు కట్టే చోట కూలీలు ఒకరికొకరు ఇటుకలు విసురుకోవడం మీరు చూసే ఉంటారు. అందుకునే మనిషి చేతులు బిగబట్టడు. ఇటుక తగులుతుండగానే దాంతోపాటు చేతుల్ని కాస్త వెనక్కి తీసుకుంటాడు. వేగం ఒక్కసారిగా కాకుండా కొంచెం ఎక్కువ సమయంలో తగ్గుతుంది కాబట్టి దెబ్బ తెలియదు. పాదంతో బంతిని ఆపడంలోనూ ఇదే సూత్రం. మోకాళ్ళు కొంచెం వంచి, పాదం లోపలి వైపుతో బంతికి ఎదురెళ్ళి, తగిలిన క్షణంలో కాలిని వెనక్కి రానివ్వాలి. ఏ కండరాన్ని ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో లెక్క వేయడంలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. ఆ లెక్క బోర్డు మీద రాసి చెబితే రాదు. వందలసార్లు తప్పి, సర్దుకుంటేనే వస్తుంది.

ఇక్కడే మన గ్రౌండ్లలో జరిగేదాని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బంతి జారిపోతే రెండు రౌండ్లు పరుగు శిక్ష. గట్టు మీద నుంచి 'కొట్టరా, కొట్టు' అని నాన్నల కేకలు, పక్కన అమ్మల వీడియోలు. భయపడిన శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. బిగిసిన కాలికి తగిలిన బంతి గోడకు తగిలినట్టే ఎగిరిపోతుంది. కోచ్ ఇంకా అరుస్తాడు, పిల్లాడు ఇంకా బిగుసుకుపోతాడు. కాలు వదులుగా పెట్టడమే నేర్పాల్సిన విద్య అయినప్పుడు, భయపెట్టి దాన్ని నేర్పడం ఎలా కుదురుతుంది? క్రమశిక్షణ పేరుతో దీన్ని సమర్థించేవాళ్ళతో నేను ఏకీభవించను.

నేర్పడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒక గోడ, ఒక బంతి చాలు. ఆ బంతి మాత్రం వయసుకు తగ్గది కావాలి. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకు 3వ సైజు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు 4వ సైజు, ఆ తర్వాతే పెద్దలు ఆడే 5వ సైజు. పెద్ద బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది. 'ఎదిగే పిల్లాడు కదా, పెద్దదే తీసుకోండి' అని షాపులో అంటారు. బంతి స్కూల్ యూనిఫాం కాదు, పొడుగు చూసి కొనడానికి.

గోడకు పది అడుగుల దూరంలో నిలబడి మెల్లగా తన్నడం, తిరిగొచ్చిన దాన్ని ఆపడం, రోజూ పది నిమిషాలు. కుడికాలితో ఎంతసేపో ఎడమకాలితోనూ అంతసేపు. అరికాలితో తొక్కి ఆపడం తేలికే కానీ అదే అలవాటైతే పరుగులో బంతి మీద కాలు పడి చీలమండ మెలితిరుగుతుంది. కాలి కింద ఆపడం కుదిరాక, తొలి స్పర్శతోనే బంతిని కాస్త పక్కకు, ఖాళీ ఉన్న వైపుకు మళ్ళించడం నేర్పండి. ఆ తర్వాత మీరు వెనక నిలబడి వేళ్ళు చూపించండి. బంతి తిరిగొచ్చే లోపు పిల్లాడు వెనక్కి ఒకసారి చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి. చుట్టూ చూసుకుని ఆడే అలవాటు ఇలాగే వస్తుంది, ఎదుటివాళ్ళను గుద్దుకోవడమూ తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లలో గోడ చప్పుడుకు పక్కింటివాళ్ళు గొడవకొస్తే, గోడ బదులు మీరే నిలబడండి. మీ షుగరుకూ మంచిదే.

రెండో కాలి సంగతి మనకు కొత్త కాదు. 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుండే ఉంటారు. హైదరాబాద్ వాడు, బడి పంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. వాటం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టేవారని చెబుతారు.

ఎంత ప్రాక్టీసు చేసినా బంతిని అందుకోలేని పిల్లలు కొందరుంటారు. వాళ్ళను మందబుద్ధి అని తిట్టే ముందు కళ్ళ పరీక్ష చేయించండి. దూరపు చూపు తగ్గినా, ఒక కంటి చూపు మందగించినా ఎదురొచ్చే బంతి దూరాన్ని, వేగాన్ని సరిగ్గా అంచనా వేయలేరు. చదువులో తేడా కనిపించేలోగా ఆటలోనే ఇది బయటపడవచ్చు. బాగా ఆడుతున్న పిల్లాడు పన్నెండు, పదమూడేళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగై తడబడితే మాత్రం కంగారు వద్దు, కొత్త కాళ్ళు అలవాటయ్యే దాకా ఓపిక పట్టండి. అదే వయసులో మడమ వెనక, మోకాలి చిప్ప కింద నొప్పి వస్తే 'ఆడితే పోతుంది' అనకుండా ఆట తగ్గించి డాక్టర్‌కు చూపించండి.

చిన్నపిల్లలకు ఛాతీతో, తలతో బంతిని ఆపడం నేర్పేవాళ్ళను చూస్తే నాకు భయం. తల విషయంలో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకు హెడింగ్ వద్దంది. 2020లో ఇంగ్లండ్ ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుంచి దాన్ని తీసేసింది. స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళలో మతిమరుపు లాంటి మెదడు క్షీణత జబ్బులతో మరణాలు సాధారణ జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో గ్లాస్గో పరిశోధకులు తేల్చారు. వాళ్ళంతా ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు, మీ పిల్లాడి వారాంతపు ఆటతో దాన్ని పోల్చలేం. అయినా పన్నెండేళ్ళ లోపు తలతో ఆడకపోతే పోయేదేమీ లేదు, కాళ్ళతో నేర్చుకోవాల్సిందే బోలెడుంది.

ఛాతీ మాట వేరు. పిల్లల ఛాతీ గూడు మెత్తగా ఉంటుంది. గుండెకు ఎదురుగా, సరిగ్గా ఒకానొక క్షణంలో గట్టి దెబ్బ తగిలితే ఏ జబ్బూ లేని గుండె కూడా లయ తప్పి ఆగిపోవచ్చు. ఇది చాలా చాలా అరుదు, దీనికి భయపడి ఆట మాన్పించకండి. కానీ అలా పడిపోయిన పిల్లాడికి ఉండేది కొన్ని నిమిషాలే. 108కి ఫోన్ చేస్తూ, వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టేవాళ్ళు గ్రౌండ్‌లోనే ఉండాలి. అందుకే ఫీజు కట్టే రోజున కోచ్‌ని రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో బంతికి ఎంతమంది పిల్లలు? మీకు సీపీఆర్ వచ్చా? రెండోదానికి 'రాదు' అన్నా ఫరవాలేదు, ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఆయనతోపాటు మీరూ కూర్చోండి.