తొందరపడి అమ్మితే రెండుసార్లు నష్టం

ఊళ్లో ఉద్రిక్తత రేగిన మరుసటి వారమే మన గుమ్మాల ముందు దళారులు ప్రత్యక్షమవుతారు. వీధిలో మీరొక్కరే మిగిలారని, పిల్లల భద్రత చూసుకోమని హితవు చెబుతారు. ఆ హితవు ఖరీదెంతో మనం లెక్క కట్టడం లేదు. భయపడి అమ్మేవాడికి సరైన ధర రాదు. అందరూ ఒకే బస్తీకి తరలితే అక్కడ గజం ధర పెరుగుతుంది. అగ్గువకు అమ్మి పిరానికి కొంటున్నాం.

ఇల్లు అమ్మనే వద్దని మేము అనడం లేదు. చదువులకో, వైద్యానికో, అయినవారి దగ్గర ఉండాలనో అమ్ముకోవచ్చు. పేరు వినగానే అద్దెకు లేదనేవారినీ మేము ఎరుగుదుము. కానీ భద్రత కరువై ముస్లిములు ఒకే చోట కుదించుకుపోతున్నారని, ఆ వాడలకు పౌరసేవలు సరిగా అందడం లేదని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటించిన ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టర్ అనుమతి కావాలి. భయంతో జరిగే అమ్మకాలను ఆపడానికే ఆ చట్టమన్నారు. ఆచరణలో అది హిందువుల వీధిలో ముస్లిం ఇల్లు కొనకుండా అడ్డుగోడ అయింది. తెలుగు రాష్ట్రాల్లో అటువంటి చట్టం లేదు. చట్టం కట్టని గోడను మన భయం ఎందుకు కట్టాలి?

రిజిస్టరైన ఇల్లు అమ్మి ఆ డబ్బుతో నోటరీ కాగితం మీద ఇల్లు కొనడం మరీ దారుణం. హైదరాబాద్ పాతబస్తీలో ఇది వాడుకగా మారిపోయింది. వంద రూపాయలు, అంతకు మించి విలువగల ఇల్లు గానీ స్థలం గానీ రిజిస్టరు దస్తావేజు ద్వారా తప్ప చేతులు మారదు. జీపీఏలతో, అమ్మకపు ఒప్పందాలతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు బ్యాంకు అప్పివ్వదు, ఎల్లుండి కొనేవాడు దొరకడు. పైగా ఆ నేల వక్ఫ్‌దైతే అమ్మినవాడికి అమ్మే హక్కే లేదు. బయానా ఇవ్వకముందే ఈసీ తీయించండి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నిషిద్ధ ఆస్తుల జాబితా చూడండి. మసీదులో పరిచయమైన మనిషే కదా అన్న భరోసా దస్తావేజుకు బదులు కాదు.

ఇక ఇంటి లోపలి అన్యాయం. తండ్రి పోయాక ఇల్లు అమ్మకానికి వస్తుంది. సంతకం పెట్టడానికి అక్కచెల్లెళ్లను పిలుస్తారు, బిర్యానీ తినిపిస్తారు, హక్కు విడుదల పత్రం ముందు పెడతారు. కూతురి వాటా, భార్య ఎనిమిదో వంతు ఖుర్‌ఆన్ నిర్ణయించినవి; అన్నదమ్ముల దయ కాదు. షరియత్‌లో జోక్యం వద్దని వీధిలో నినదించేవారు సొంత చెల్లెలి వాటా దగ్గర మౌనం వహించడం మాకు సిగ్గుగా ఉంది. తండ్రి అప్పులు, వసీయత్ తీర్చి మిగిలినది పంచండి. ఎవరి వాటా వారి ఖాతాలో వేయండి. మైనర్ పిల్లల వాటాను తల్లి తనంతట తాను అమ్మలేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకుంటే ఆ పిల్లలు పెద్దవారయ్యాక అమ్మకం చెల్లదని దావా వేయవచ్చు.

డబ్బు సంగతి క్లుప్తంగా. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు ఒక శాతం పన్ను మినహాయిస్తారు. దానికి రసీదు అడగండి. రెండేళ్లకు పైగా మీ పేర ఉన్న ఇల్లు అమ్మి, రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా లాభంపై పన్ను మినహాయింపు ఉంది.

ప్రభుత్వాన్నీ మేము ఊరికే వదలం. వక్ఫ్ ఆస్తుల జాబితాను సర్వే నంబర్లతో సహా తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద అంటించాలి. కట్టుకున్నాక కూల్చడానికి వచ్చే అధికారులు, కొనేముందు ఆ ఒక్క కాగితం ఎందుకు చూపరు?