అదే, అలాంటిదే

మేము పనిచేసే ఆఫీసులో కొన్నేళ్ళ క్రిందట ఒక పొరపాటు జరిగినది. చేసినది మేమే. దూరపు వ్యాపారి ఒకరు మునుపు కొన్న చాదర్లే మళ్ళీ కావాలని వ్రాసినారు. ఆ రంగు నూలు అయిపోయి, దానికి దగ్గర రంగు మిగిలి ఉన్నది. "అలాంటివే పంపుతామని వ్రాయండి" అన్నారు సేటుగారు. మేము 'సిమిలర్' అని వ్రాయవలసిన చోట 'సేమ్' అని వ్రాసినాము. సరకు తిరిగి వచ్చినది. రానుపోను కిరాయి సేటుగారి మీద పడినది. నేసిన మనిషికి రెండు వారాల పగారు ఆగినది. కుంఠా నాకాలో సాంచా నడిపే ఆయన మాతో "దారం నేను మార్చలే గదా అన్నా" అని మాత్రమే అన్నాడు. మాకు జవాబు దొరకలేదు.

కనుక ఈ నెల పోలిక మాటలు చూతము. తెలుగులో 'అదే' వేరు, 'అలాంటిదే' వేరు. మరాఠీలో కూడా 'తీచ్ చాదర్' వేరు, 'తశీచ్ చాదర్' వేరు. ఇంగ్లీషులో 'సేమ్' అనగా అదే, 'సిమిలర్' అనగా అలాంటిదే. 'ఐడెంటికల్' అనగా ఏ అంశములోనూ తేడా లేనిది.

వాడుక కూడా గుర్తుంచుకోవాలి. 'సేమ్' తరువాత 'యాజ్', 'సిమిలర్' తరువాత 'టు' వచ్చును. 'రిజెంబుల్' తరువాత ఏదీ రాదు. 'అలైక్' నామవాచకమునకు ముందు రాదు: 'ద టవల్స్ ఆర్ అలైక్' ఒప్పు, 'అలైక్ టవల్స్' తప్పు. ఉద్యోగపు అర్జీలో 'యాజ్ ఎ క్లర్క్' అనవలెను, అనగా గుమాస్తాగా. 'లైక్ ఎ క్లర్క్' అంటే గుమాస్తా వలె అని అర్థము. ఆ ఉద్యోగము చేసినట్లు కాదు.

ఇక ముందు చేరే తునకలు. గ్రీకు 'హోమో'కు, ఇంగ్లీషు 'సేమ్'కు, మన 'సమ'కు మూలమొకటే. 'ఐసో' అనగా సమానము; బడిపిల్లల 'ఐసాసిలీస్' త్రిభుజము మన సమద్విబాహు త్రిభుజమే. లాటిన్ 'క్వాసీ' అనగా 'అన్నట్లుగా'. మన 'ప్రాయము' దీనికి దగ్గర. 'సూడో' అనగా బూటకము. మన 'ఆభాస' దీనికి సరిపోవును. 'క్వాసీ'లో మోసము లేదు, 'సూడో'లో ఉన్నది. ఒకదాని బదులు ఒకటి వ్రాస్తే మర్యాదస్థుని మీద నింద వేసినట్లగును.

ఈ భేదము చట్టములోనూ కలదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టములో 'డిసెప్టివ్‌లీ సిమిలర్' అను మాట ఉన్నది. కొనేవారిని భ్రమపెట్టేటంత దగ్గర పోలిక అని దాని భావము. మన సోలాపురం చాదరుకు, టెర్రీ టవలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేరే ఊరి బట్టను 'సోలాపురం' పేరుతో అమ్మితే, 'అలాంటిదే'ను 'అదే' అని అమ్మినట్లే. నష్టము మన సాంచాలకే.

ఇప్పుడు మేము ప్రతి ఉత్తరము సంతకానికి పెట్టే ముందు సేటుగారిని అడుగుతాము: "అదేనా, అలాంటిదేనా?" ఆయన ఒక్కోసారి విసుక్కుంటారు. అయినా అడుగుతూనే ఉన్నాము. మీ పిల్లలు ఇంగ్లీషు ఉత్తరము వ్రాసేటప్పుడు మీరూ ఒకసారి అడిగి చూడండి.