సోమరితనమా, జబ్బా?

తరగతిలో కునికిపాట్లు పడు బాలికను సోమరి యనుట సులభము. ఒడలు బరువెక్కి, చర్మము పొడిబారి, ఎండకాలమునందును చలి యనుచు, ఈడువారికన్న పొట్టిగా నిలిచిపోయిన పిల్లకు కావలసినది బెత్తము కాదు, రక్తపరీక్ష. కంఠమునందలి అవటు గ్రంథి, అనగా థైరాయిడు, మందగించినచో సాధారణముగా రక్తమున టి.ఎస్.హెచ్. పెరుగును, థైరాక్సిను తగ్గును. రెండును చూడవలెను.

ఈ జబ్బుకు మందు క్రొత్తది కాదు. 1891లో ఇంగ్లండున మర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథిరసముతో చికిత్స చేసిన స్త్రీ మరి 28 ఏండ్లు జీవించినది. నేడు చిన్న మాత్ర చాలును. కాని దానిని పరగడుపున నీళ్ళతో మ్రింగి, కాఫీకి అరగంటయైన ఆగవలెను. కాఫీ యిండ్లలో ఆ ఓపిక అరుదు! మోతాదు సరిపోయినదో లేదో 6 వారములు గడచి మరల పరీక్షించినగాని తెలియదు. నలత తగ్గినదని నడుమనే మాత్ర మానిపించు తలిదండ్రులకు ఆ మాట బడిపంతులు చెప్పిన నేమి?