మూసిన తలుపు వెనుక లెక్క రాస్తున్నదెవరు?

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే చిన్న చిన్న పరికరాల్లో చాలావాటిని ఎవరో ఒకరు ఉద్యోగం ముగిశాక, తీరిక వేళల్లో, ఇష్టంతో చేసి ఉంటారు. పెద్ద కంపెనీ కాదు కదా, ఒక్క మనిషి చేసిందే కదా అని వాటిని నమ్ముతాం. స్టైలిష్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ సంగతి తెలిస్తే ఆ నమ్మకాన్ని ఒకసారి తరచి చూసుకోక తప్పదు.

2005లో ఒక ప్రోగ్రామర్ దాన్ని తయారుచేశాడు. వెబ్‌సైట్ల రంగులు, అక్షరాలు మనకు నచ్చినట్టు మార్చిపెట్టడమే దాని పని. అందుకోసం మనం తెరిచే ప్రతి పేజీనీ చూసే అనుమతి దానికి కావాలి. అందరూ ఇచ్చారు. 2016లో అతను దాన్ని వేరొకరికి అప్పగించాడు. 2017 జనవరిలో, ఏ వెబ్‌సైట్‌కు ఎంతమంది వస్తున్నారో లెక్కగట్టి అమ్మే సిమిలర్‌వెబ్ సంస్థ అందులోకి వచ్చింది. పేరు అదే, పని అదే. కానీ వాడేవారు తెరిచే పేజీల చిరునామాలు ఒక గుర్తింపు సంఖ్యతో సహా బయటి సర్వర్లకు వెళ్తున్నాయని 2018 జూలైలో రాబర్ట్ హీటన్ అనే ఇంజనీరు బయటపెట్టాడు. అప్పటికి దాన్ని వాడుతున్నవారు దాదాపు 20 లక్షల మంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ స్టోర్లు వెంటనే దాన్ని తొలగించాయి.

మొదట చేసినవాడి మంచితనం మీద మాకు సందేహం లేదు. అయితే పరికరం చేతులు మారినప్పుడు అతని మంచితనం దాని వెంట వెళ్లలేదు, జనం ఇచ్చిన అనుమతి మాత్రం వెళ్లింది.

ఇలాంటి సందర్భాల్లో ‘మేం పేర్లు తీసుకోవడం లేదు’ అనే జవాబు వినిపిస్తుంటుంది. ఒకే సంఖ్య కింద ఒక ఊరి బ్యాంకు శాఖ, ఒక బడి, ఒక సంఘం ఆరాధన ప్రసారం వరుసగా కనబడితే ఇక పేరెందుకు? కాపరికి కూడా చెప్పుకోలేని సంగతులను మనిషి రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వెతుకుతాడు. హెచ్‌ఐవీ పరీక్ష, భర్త తాగుడు, విడాకులు, విశ్వాసంలో సందేహం. ఇంట్లోవారికి తెలియకుండా వాక్యం చదువుకునేవారు మన మధ్యే ఉన్నారు. క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్న దేశంలో, ఎవరు ఏ ఆరాధన చూశారన్న జాబితా ఎవరి చేతిలో పడుతుందన్నది చిన్న విషయం కాదు.

‘దేవునికి అన్నీ తెలుసు, తప్పు చేయనివాడికి భయమెందుకు’ అని సంఘాల్లో తరచూ వింటుంటాం. 139వ కీర్తనలో దావీదు తనను పరిశోధించమని దేవుణ్ణి వేడుకున్నాడు, బజారులో లెక్కలు అమ్మేవాణ్ణి కాదు. ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నది ప్రభువే.

ఇక మన ఇంటి సంగతి. మన యౌవనులు తీరిక చేసుకొని పాటల పుస్తకాల యాప్‌లు, బైబిల్ క్విజ్ సైట్లు చేస్తున్నారు. వారి ప్రయాసకు మేము ఎంతో సంతోషిస్తున్నాం. కానీ ఎందరు వాడుతున్నారో తెలుసుకుందామని ఉచితంగా దొరికే లెక్కల పరికరాన్నో, ఖర్చులకోసమని ప్రకటనలనో తగిలిస్తే, ఆ వివరాలు వాటి యజమానులకూ చేరతాయి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల కదలికలను వెంటాడి గమనించడాన్ని నిషేధించింది. మన క్విజ్‌లు ఆడేది ఎక్కువగా సండే స్కూలు పిల్లలే.

కాబట్టి యాప్‌ను సంఘంలో ప్రకటించే ముందు పెద్దలు దాన్ని చేసిన తమ్ముణ్ణి కూర్చోబెట్టుకొని ప్రేమగా అడగాలి. ఏమేం నమోదవుతోంది? ఎవరి దగ్గర ఉంటోంది? రేపు నీకు ఉద్యోగం వచ్చి, దీన్ని వేరొకరికి అప్పగిస్తే ఆ నమోదంతా ఏమవుతుంది? ఒక పాటను ఎన్నిసార్లు తెరిచారో తెలిస్తే చాలు, ఎవరు తెరిచారో మనకు అక్కర లేదు. ప్రార్థన మనవుల పేజీలో మాత్రం ఆ లెక్క కూడా వద్దు.