గోడ కట్టినంతలో రెండిళ్ళు కావు



ఈ పక్షం ఛందస్సు గురించి వ్రాస్తానని మాట ఇచ్చి సర్వర్ల గురించి వ్రాస్తున్నాను, మన్నించండి. తెలుగు పండితుడికి యంత్రాలతో ఏమి పని అంటారేమో. నేను పాలకవర్గ సభ్యుడిగా ఉన్న ఉపాధ్యాయుల పరపతి సంఘం క్రొత్త సర్వరు కొనబోతున్నది. అందులో నావంటి విశ్రాంతోద్యోగుల డిపాజిట్లు ఉన్నాయి. నా లెక్క ఏ పెట్టెలో ఉంటుందని అడగడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు.

అమ్మకందారు ప్రతిపాదన ఇది. ఇప్పుడున్న మూడు పాత యంత్రాలను తీసివేసి ఒకే పెద్ద యంత్రం పెడతారట. దానిని మూడు 'లాజికల్ పార్టిషన్లు' చేసి ఒకదానిలో ఋణ ఖాతాలు, ఇంకొకదానిలో సంఘం దుకాణం బిల్లులు, మూడవదానిలో క్రొత్త ప్రోగ్రాముల పరీక్ష. "ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తాయండీ మాస్టారూ, ఇంక భయం లేదు" అన్నాడు వచ్చిన అబ్బాయి. కమిటీ అంతా తల ఊపింది. నా పేచీ ఆ ఒక్క వాక్యంతోనే.

ముందు పదం సంగతి. వారి కరపత్రంలో దీనిని 'తార్కిక విభజన' అన్నారు. ఇందులో తర్కమెక్కడున్నది? యంత్రాన్ని ముక్కలు చేయకుండానే చేసినట్లు వ్యవహరించడం ఇది. బెజవాడలో దీనికి చక్కని మాట ఉండనే ఉన్నది: వాటా. మూడు వాటాల ఇంట్లో మూడు కాపురాలు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి తాళం వారిది. పునాదీ కప్పూ మాత్రం అందరికీ ఒక్కటే.

వాటాలు చెడ్డవని నేననను. ఐబీఎం వారు తమ పెద్ద యంత్రాలలో 1988 లోనే ఈ ఏర్పాటు చేశారు. 1999లో ఏఎస్/400కు తెచ్చారు. 2004లో పవర్5 వచ్చాక ఒక ప్రాసెసరులో పదవ వంతును కూడా ఒక వాటాకు ఇవ్వగలిగారు. పరీక్షల వాటాలో ఎవరైనా తప్పు ప్రోగ్రాము నడిపి దానిని పడగొట్టినా ఖాతాల వాటాకు తెలియను కూడా తెలియదు. అబ్బాయి చెప్పినది అంతవరకు నిజమే. కాని విద్యుత్తు నిలిస్తే? మదర్‌బోర్డు పోతే? వాటాలను పంచి పెట్టే హైపర్‌వైజరే మొరాయిస్తే? అప్పుడు మూడూ కలిసే పోతాయి.

పంపకంలో ఇంకొక కిటుకు ఉన్నది. ఖాతాల వాటాకు హామీగా చాలా కొంచెం ప్రాసెసరు వ్రాసి, "అవసరమైతే ప్రక్క వాటాలలో మిగిలినది తీసుకొంటుంది" అన్నారు. నిజమే, మిగిలితే తీసుకొంటుంది. మన డెల్టాలో శివారు భూముల రైతును అడగండి, మిగిలిన నీరంటే ఏమిటో చెబుతాడు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువ నిండుగానే ఉంటుంది. ఎగువ వారి చేలు తడిశాక నాగాయలంక వైపు ఎంత చేరుతుందన్నదే ప్రశ్న. జీతాలు పడే మొదటి వారంలో దుకాణంలోనూ రద్దీయే, ఖాతాలలోనూ రద్దీయే. ఎవరికీ ఏమీ మిగలని రోజు అదే. కాబట్టి హామీ వాటాను సగటు రోజు చూసి కాక, ఆ వారం చూసి నిర్ణయించాలి. దానికి కనీసం ఒక నెల పాత యంత్రాల మీద ఎంత పని పడుతున్నదో కొలవాలి. కొలిచారా అని అడిగితే "అంచనా ఉందండీ" అన్నారు.

ఇక అసలు విషయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తి సింగ్ నగర్ మునిగినది. మరునాడు బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినది. మా కార్యాలయంలో మోకాలి పైకి నీరు. సర్వరు క్రింద గదిలో ఉన్నది. నకలు తీసిన టేపులు అదే గదిలోని బీరువాలో, క్రింది అరలో. రెండూ ఒకే బురదలో దొరికాయి. సభ్యుల పాసుపుస్తకాలు తెప్పించి, ఎండబెట్టి, ఖాతాలను తిరిగి చేతితో వ్రాసుకొన్నాము. రెండు నెలలు పట్టినది. భర్త పోయిన ఒక టీచరమ్మగారు, సిరా అలుక్కుపోయిన తన పుస్తకం పట్టుకొని, "మాస్టారూ, నా అంకె మీకు కనబడుతోందా?" అని అడిగారు. నాకు కనబడలేదు.

ఇంత జరిగిన తరువాత అదే గదిలో, మూడు యంత్రాల బదులు ఒకటే పెట్టి, అందులో వాటాలు వేసి, భయం లేదంటున్నారు. నీరు వాటా చూసి రాదు.

నేను అడిగినది పెద్ద కోరికా కాదు. వాటాల యంత్రమే కొనండి, కాస్త చిన్నది కొనండి. మిగిలిన డబ్బుతో రెండవది, మరీ చిన్నది, నూజివీడు మెట్ట మీద పెట్టండి. ప్రతి రాత్రి ఖాతాల నకలు అక్కడికి పోవాలి. మూడు నెలలకొకసారి ఇక్కడి యంత్రం ఆపి, అక్కడి నకలుతో ఒక పూట పని నడిపి చూడాలి. తెరచి చూడని నకలు నకలని నేను ఒప్పుకోను. జవాబు పత్రాలు దిద్దిన చేయి ఇది.

"రెండు చోట్లా ఖర్చెందుకు, మాస్టారికి చాదస్తం" అని ఒకరు సణిగారు, వినబడేటట్లే. చాదస్తమే. అసమ్మతి పత్రం వ్రాసి కార్యదర్శి గారి చేతికి ఇచ్చాను. నూజివీడులో మేడ మీద ఒక గది అద్దెకు ఉన్నదని శిష్యుడొకడు చెప్పాడు. ఆదివారం వెళ్ళి చూసి వస్తాను.