ఎముక అతికింది సరే, కాలు ఏమైంది?

"లేత ఎముక గదా, అదే అతుక్కుంటుంది." కడప జిల్లాలో పిల్లల కాలు విరిగిన ఇంట్లో మొదట వినిపించే ఈ మాట మీద నాకు పట్టరాని కోపం. మాట అబద్ధం కాదు. పిల్లల ఎముక పెద్దలకంటే తొందరగా అతుకుతుంది, కాస్త వంకరున్నా పెరిగేకొద్దీ చాలాసార్లు సర్దుకుంటుంది. ఆ ధీమాతోనే మిగతా కాలినంతా గాలికి వదిలేస్తున్నాం. పిక్క చచ్చిపోయాక ఎముక అతికి ఏం లాభం?

చింతచెట్టు మీంచి పడినా, నాపరాయి మీదపడినా, పద్నాలుగేళ్లకే చేతికిచ్చిన బైకు బోల్తాకొట్టినా కాల్లో తరచూ విరిగేది మోకాలి కింది పెద్దెముక. పిక్కలో కండలు నాలుగు అరల్లో ఉంటాయి, ఒక్కో అర చుట్టూ సాగని పొర. లోపల రక్తం చేరి వాచిందంటే ఆ ఒత్తిడికి కండకు రక్తం అందదు. డాక్టర్లు దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పైన బిగించిన కట్టు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! ఆరేడు గంటలు అలాగే ఉంటే కండ చావడం మొదలవుతుంది. ఎముకలకు నాటుకట్టు కట్టే పుత్తూరు కడప నుంచి 150 కిలోమీటర్ల పైమాటే. కారు మాట్లాడుకుని పోయి, వరుసలో కూర్చుని, ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలతో కట్టించుకుని ఇల్లు చేరేసరికి ఆ గంటలు అయిపోతాయి.

జనం పుత్తూరు కట్టుకు ఎందుకు పోతారో నాకు తెలుసు. ఆపరేషనంటే భయం, ఖర్చంటే అంతకన్నా భయం. పక్కకు జరగని మామూలు విరుపు ఆ కట్టుతోనూ అతుకుతుంది. నా తగువల్లా ఎక్స్‌రే చూడకుండా, వాపు తగ్గకముందే బిగించే చేతులతో. పిండికట్టు వేసి "మూడు వారాలకు రా" అని ఒక్క ముక్కతో పంపేసే డాక్టరుతోనూ అదే తగువు.

రాత్రికి పిల్లోడు ఏడుపందుకుంటాడు. "ఓర్చుకో నాయనా, అతుక్కునేటప్పుడు నొప్పుంటుంది" అంటుంది అమ్మ. ఆమె తప్పేముంది, ఆమెకు చెప్పిందెవరు? మాత్ర వేసినా గంటగంటకూ పెరిగే నొప్పి, కాలి బొటనవేలు మెల్లగా పైకి లాగితే పెట్టే కేక. ఈ రెండిట్లో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. కట్టు కోయించాలి, పెద్దాసుపత్రికి ఉరకాలి. నాడి ఆడుతోందిలే అని నిదానించకూడదు, లోపల కండ చస్తున్నా నాడి ఆడుతూనే ఉండొచ్చు. ఇంత చెప్పడానికి నోరెందుకు రాదు? బిగుతు కట్టుకు కండ చచ్చి కొంకర్లు పోతుందని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోల్క్‌మన్ 1881లోనే రాసిపెట్టాడు!

రెండో అన్యాయం ఏళ్ల తరబడి సాగుతుంది. పిల్లల ఎముక చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. తొడ ఎముక ఎదుగుదలలో దాదాపు 70 శాతం మోకాలి దగ్గరి పొరదే, ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు. పదేళ్ల పిల్లోడికి దెబ్బ తగిలి అది పూర్తిగా మూసుకుపోతే పదహారేళ్లకు ఆ కాలు అయిదు సెంటీమీటర్ల దాకా పొట్టిపడుతుంది. ఒక పక్కే మూసుకుపోతే కాలు వంకర తిరుగుతుంది. ఎదుగుదల మిగిలుండగా పట్టుకుంటే సరిచేసే దారులున్నాయి. పట్టుకునేదెవరు? కట్టు విప్పి "నడువ్ చూద్దాం" అన్నాక, రెండడుగులు వేస్తే అందరూ చేతులు దులుపుకుంటారు. వాడు కుంటుతున్నాడని రెండేళ్లకు బడిలో పిల్లలు పేరు పెట్టి పిలిచినప్పుడు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

కడపలో రిమ్స్ ఉంది, తిరుపతిలో ఎముకల వైద్యానికే కట్టిన బర్డ్ ఆస్పత్రి ఉంది. వైద్యం లేక కాదు ఈ పిల్లలు అవిటివాళ్లవుతున్నది. కట్టు కట్టే ప్రతిచోటా, నాటువైద్యుడైనా సర్జనైనా, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తాలో తెలుగులో చీటీ రాసివ్వాలి. చదువురాని తల్లికి చదివి వినిపించాలి. గ్రోత్ ప్లేట్ దెబ్బతిన్న ప్రతి బిడ్డ పేరూ రిజిస్టరులో ఎక్కాలి, ఆర్నెల్లకోసారి పిలిచి రెండు కాళ్లూ కొలవాలి. రాకపోతే మనిషిని పంపాలి. టీకాల కోసం ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చే ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఆ పిల్లోడి ఇల్లు తెలియదా?