ముందు ఇరుసును వంగి చూడండి

బాన్సువాడ చుట్టుపక్కల పాత ట్రాక్టరు బేరానికి వస్తే రైతు ఏం చూస్తాడు? ఇంజను స్టార్టు చేసి పొగ చూస్తాడు. హైడ్రాలిక్ లేపిస్తాడు. వెనుక టైర్ల పళ్ళు తడుముతాడు. వంగి ముందు ఇరుసు కిందికి చూసేవాళ్ళు తక్కువ. నన్నడిగితే బేరం అక్కడే మొదలుపెట్టాలి.

ట్రాక్టరుకు చక్రాలు నాలుగైనా బరువు నిలిచేది మూడు చోట్ల. వెనుక రెండు చక్రాలు, ముందు ఇరుసు నడుమ ఉన్న సెంటర్ పిన్ను. ఒక ముందు చక్రం గట్టు ఎక్కితే ఇరుసు ఆ పిన్ను మీద ఊగుతుంది, బండి సమంగా ఉంటుంది. ఆ పిన్ను, దాని బుష్షు అరిగితే ముందు భాగమంతా వదులే.

అమెరికాలో 1924లో వచ్చిన ఫార్మాల్‌కు ముందు చక్రాలు రెండూ దగ్గరగా, మూడు చక్రాల సైకిలు లెక్క ఉండేవి. సాళ్ళ నడుమ పోవడానికి అది మంచిదే, గట్లు దాటే మన మళ్ళకు పనికిరాదు. మనకు వచ్చినవి వెడల్పు ఇరుసు బండ్లు. 1946లో ఇంగ్లండులో మొదలైన ఫెర్గూసన్ టీఈ-20కి ఇరుసు కొసలు వెనక్కి వాలి ఉంటాయి, వెడల్పు మార్చినా స్టీరింగు లెక్క తప్పదు. నేరుగా ఉండే ఇరుసుల్లో అలా కాదు. ఇరుసు ఎంత జరిపితే టై రాడ్డూ అంత జరపాలి, అదీ రెండు పక్కలా సమంగా. ఒక పక్కనే జరిపి నడిపేవాళ్ళూ ఉన్నారు. టైరు ఎందుకు కోసుకుపోతోందో వాళ్ళకు అర్థం కాదు!

నిజాంసాగర్ ఆయకట్టులో ఇంకో బాధ ఉంది. కరిగెట చేసేటప్పుడు ముందు చక్రాలు బురదలో మునిగే ఉంటాయి. హబ్బుల్లోకి, పిన్నుల్లోకి నీళ్ళు చేరతాయి. సాయంత్రం బండి కడిగి వదిలేస్తే చాలదు. బురద కలిసిన పాత గ్రీజు బయటికి వచ్చి, కొత్తది కనబడేదాకా గన్ను కొట్టాలి. ఖర్చు కొంచెమే, బద్ధకమే ఎక్కువ.

పరీక్ష చేయడం కష్టం కాదు. వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద దిమ్మె ఆనించండి. చక్రాన్ని పైన, కింద పట్టుకొని కదపండి. ఆడితే బేరింగు గానీ కింగ్ పిన్ను గానీ పోయినట్టు. తర్వాత ఇరుసు నడుమ గడ్డపార పెట్టి ఎత్తండి. అక్కడ ఆట ఉంటే సెంటర్ పిన్ను సంగతి చూడాలి.

కొందరు మెకానిక్కులు అరిగిన పిన్నుకు వెల్డింగు పోసి రుద్ది పెడతారు. దానికి ఒప్పుకోవద్దు. పిన్ను, బుష్షు రెండూ కొత్తవి వేయించండి. వడ్ల లోడుతో వర్ని రోడ్డు ఎక్కినప్పుడు ముందు చక్రాలు వణికితే డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. అమ్మేవాడు "అది మామూలే" అంటే, ఆ రిపేరు డబ్బులు బేరంలో తగ్గించమనండి.